డిమెన్షియా రోగుల్లో యాంటీసైకోటిక్ మందులు: కదలికలో, భంగిమలో మార్పులు

డిమెన్షియాలో మతిమరుపుతోపాటు అనుమానాలు, లేనివి కనిపించడం, కొట్టడానికి రావడం వంటివి కూడా ఉంటాయని గత భాగంలో చదివారు. ఇవి వేరే పద్ధతులతో అదుపు కానప్పుడు వైద్యులు హాలోపెరిడాల్, రిస్పెరిడోన్ వంటి యాంటీసైకోటిక్ మందులు రాస్తారు.

ఈ మందులు మెదడులో డోపమైన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటాయి. భ్రమలు తగ్గేది అందువల్లే. అయితే నడక సాఫీగా సాగడానికి కూడా డోపమైనే కావాలి. అందుకే పార్కిన్సన్ వ్యాధిలో చూసే చిన్న చిన్న అడుగులు, బిగుసుకున్న చేతులు, వణుకు, భావం లేని ముఖం ఇక్కడా కనిపిస్తాయి. వృద్ధుల్లో తక్కువ మోతాదుకే ఇవి రావచ్చు.

కొందరిలో శరీరం ఒక పక్కకు ఒరిగిపోతుంది. దీన్ని 1972లో స్వీడన్ వైద్యుడు కార్ల్ ఎక్బోమ్, ఆయన సహచరులు వర్ణించారు. ఇటలీలోని వాలు గోపురాన్ని బట్టి దీనికి ‘పీసా సిండ్రోమ్’ అని పేరు వచ్చింది. తాను ఒరుగుతున్న సంగతి రోగికి తెలియకపోవచ్చు. ఇంట్లోవాళ్లు పక్కన దిండు పెట్టి, వయసు మీద పడిందని సరిపెట్టుకుంటారు. డిమెన్షియాకే వాడే డోనెపెజిల్ వల్ల కూడా ఇది రావచ్చునని గుర్తుంచుకోండి.

అన్నిటికంటే తికమకపెట్టేది అకతీసియా. ఇందులో రోగి ఒకచోట కుదురుగా ఉండలేడు. లేస్తాడు, కూర్చుంటాడు, మళ్లీ లేస్తాడు. లోపలి బాధను మాటల్లో చెప్పలేడు. జబ్బు ముదిరిందనుకుని మోతాదు పెంచితే అశాంతి ఇంకా పెరుగుతుంది. కాబట్టి మీరు మొదట అడగవలసింది ఒకటే: ఈ మార్పు మందుకు ముందే ఉందా, తర్వాత వచ్చిందా? తేదీలు రాసి ఉంచమని కుటుంబానికి చెప్పండి.

వణుకు తగ్గడానికి ట్రైహెక్సీఫెనిడిల్ కలపడం మామూలే కానీ, అది ఉన్న జ్ఞాపకశక్తినీ దెబ్బతీస్తుంది. మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో, క్రమంగా ఆపడమో మేలు. అది వైద్యుడే చేయాలి. ఇంట్లో హఠాత్తుగా మానిపించకూడదు.

లూయీ బాడీ డిమెన్షియాలో మరింత జాగ్రత్త అవసరం. లేని మనుషులు, జంతువులు కనిపించడం ఈ జబ్బు ముఖ్య లక్షణం. యాంటీసైకోటిక్ ఇవ్వాలనిపించేది కూడా ఆ లక్షణాన్ని చూసే. కానీ ఈ రోగుల్లో కొందరు ఒకటి రెండు మోతాదులకే కర్రలా బిగుసుకుని, స్పృహ తగ్గి, ప్రాణాపాయ స్థితికి చేరవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
హాలోపెరిడాల్ మొదలుపెట్టిన రెండు వారాలకు ఒక వృద్ధురాలు రాత్రంతా ఇల్లంతా తిరుగుతోంది. కొడుకు మోతాదు పెంచమంటున్నాడు. మీరు అతన్ని ఏమేమి అడుగుతారు?