శనివారం రాత్రి చదువు

పిడకల సమరానికి పేరుపడిన మా కైరుప్పలలో నేను కాలేజీకి రాకముందే ఒక చదువు చదివినాను. శనివారం రాత్రి కొందరం ఒకరింట్లో చేరి, మర్నాడు చర్చిలో వినబోయే బైబిలు పాఠాలను ముందే చదువుకోవడం.

ఈ పాఠాలు ఎవరికి తోచినట్టు వాళ్లు ఏరుకున్నవి కావు. 1969లో కతోలికులు తెచ్చిన పట్టికలో ఆదివారాలకు మూడేండ్ల చక్రం ఉంది. మొదటి ఏడు మత్తయి, తర్వాత మార్కు, ఆపైన లూకా. యోహానుకు సొంత ఏడు లేదు, పాపం. ఎక్కువగా ఈస్టరు రోజుల్లో వస్తాడు. అనేక ప్రొటెస్టెంటు సంఘాలు 1992 నాటి మరో పట్టికను వాడుతున్నాయి. దాని చక్రమూ ఇదే. లెక్క సులువు: 3తో శేషం లేకుండా భాగింపబడే సంవత్సరం లూకాది. ఐతే ఆ ఏడు మొదలయ్యేది జనవరిలో కాదు, అంతకుముందు ఆగమన కాలంలో.

2023 జూలై 16న విత్తువాని ఉపమానం వచ్చింది. మాకూ విత్తనాల అదనే.

"దారిమీద ఎవడన్నా విత్తుతాడా? గొర్రు లేదా వానికి?" అన్నాడు మా నాయన. అందరం నవ్వినాం. ఆ దేశంలో చేత్తో వెదజల్లేవాళ్లని చెప్పినాను. రాతినేల గురించి మాత్రం చదువురాని మా అవ్వే చెప్పింది: "బెత్తెడు మన్ను, కింద బండ. బిరీన మొలుస్తుంది, ఎండకు మాడుతుంది." వేర్లు, తేమ అని నేను చెప్పబోయిందీ అదే.

ముళ్లపొదలంటే ఐహిక చింతలని చదవగానే నాయన మాట్లాడలేదు. ఆ ఏటి విత్తనాల అప్పు ఇంటిల్లిపాదికీ తెలుసు. "చింత లేకుండా సేద్యమెట్లా చేసేది?" అన్నాడు చివరికి. ఎవరమూ జవాబు చెప్పలేదు. బోధకుడెవరూ లేకపోవడమే మేలనిపించింది. ఉంటే ఏదో ఒకటి చెప్పేవాడు.

మరుసటి వారం పాఠం గోధుమల్లో గురుగులు. నాయన అందరికంటే ముందొచ్చి కూర్చున్నాడు.