పెరటి తోటల పోటీ: మార్కులు దేనికి వేయాలి?

ఈ వీడియోలో కనిపిస్తున్న బంతిపూల వీధి రెండేళ్ల క్రితం మా ఊరి చెత్తకుప్పండి. మా మహిళా సంఘం పెరటి తోటల పోటీ పెట్టింది. మొదటి ఏడాది అందం ఒక్కటే చూశాం. డబ్బున్నవాళ్లు నర్సరీ కుండీలు తెచ్చి, పురుగుమందు కొట్టి గెలిచారు. నెల తిరక్కుండానే మొక్కలు ఎండిపోయాయి. మార్కులేసిన వాళ్లలో నేనూ ఉన్నాను, తప్పు నాది కూడా.

ఐర్లాండ్‌లో 1958 నుంచి టైడీ టౌన్స్ అనే ఊళ్ల పోటీ జరుగుతోంది. అక్కడ పూలతో పాటు చెత్త తగ్గించినందుకు, పక్షులకూ తేనెటీగలకూ చోటిచ్చినందుకు కూడా మార్కులుంటాయి. మేమూ అదే దారి పట్టాం. వాడిన నీళ్లు మొక్కలకు మళ్లిస్తే, సొంత విత్తనం దాచుకుంటే, జీవామృతం పోస్తే మార్కులు.

వీధికో డ్రమ్ము పెట్టాం. 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల ఆవుపేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవుమూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గుప్పెడు గట్టుమట్టి కలిపి 48 గంటలు నీడలో ఉంచాలి. పూటపూటా కర్రతో కలపాలి.

ఈసారి గెలిచింది పెరడే లేని ఒక పెద్దమ్మ! ఇంటికప్పు మీదికి ఆనపపాదు పాకించి, కాలువ గట్టున బంతి వేసి, విత్తనం వీధంతా పంచింది.

మీ ఊళ్లో పోటీ పెడితే ముందు మార్కుల పట్టిక సరిగ్గా రాసుకోండి. తోటలు దాన్ని బట్టే పెరుగుతాయి.