హోటల్లో మంచినీళ్ళు తాగవచ్చా?

హోటల్లో బల్ల ముందు కూర్చోగానే మొదట వచ్చేది మంచినీళ్ళ గ్లాసు. మన ప్రాంతంలో ఇది ఎవరూ శాసించకుండానే సాగుతూ వచ్చిన మర్యాద. వెనకటి పూటకూళ్ళ ఇళ్ళలో అన్నానికి డబ్బు పుచ్చుకునేవారు గాని నీళ్ళకు పుచ్చుకునేవారు కాదు. ఎండలు ముదిరితే వీధి మలుపుల్లో చలివేంద్రాలు ఇప్పటికీ వెలుస్తూనే వున్నాయి.

కాని పట్నాల్లోనూ, ఓ మోస్తరు ఊళ్ళలోనూ ఈమధ్య కొత్త ప్రశ్న ఒకటి బయలుదేరింది. "సార్, బాటిలా? మామూలు నీళ్ళా?" ఆ 'మామూలు' అనే మాట పలికే తీరులోనే ఏదో తక్కువతనం వినిపిస్తుంది. పక్కన వియ్యాలవారో, ఆఫీసులో పై అధికారో వుంటే ఇక చెప్పనక్కర లేదు. "బాటిలే తీసుకురావయ్యా" అనేస్తాం. కొన్నిచోట్ల అసలు అడగనే అడగరు. మూత తీసిన బాటిలు తెచ్చి ఎదురుగా పెట్టేస్తారు. దాని ధర బిల్లు వచ్చాక గాని తెలియదు.

బాటిలు కొనడానికి ఒక కారణం మొహమాటం, రెండోది భయం. మొహమాటానికి వైద్యశాస్త్రంలో మందు లేదు. భయం సంగతి మాత్రం ఈ శీర్షికలో మాట్లాడుకోవలసిందే. ఎందుకంటే ఆ భయం పూర్తిగా అర్థం లేనిది కాదు. అలాగని దానికి మందు బాటిలూ కాదు.

పచ్చడి ఏ నీళ్ళతో రుబ్బారు?

"మా కుళాయి నీళ్ళు అంత మంచివి కావండీ, బాటిలు తీసుకోండి" అని కొందరు హోటలువారు మన మేలు కోరినట్టే చెబుతారు. అలా చెప్పిన హోటల్లో ఇడ్లీతోపాటు వచ్చిన కొబ్బరి పచ్చడి ఏ నీళ్ళతో రుబ్బారు? మజ్జిగలో ఏ నీళ్ళు కలిపారు? పచ్చి ఉల్లిపాయ, కీరా, కొత్తిమీర ఏ నీళ్ళతో కడిగారు? అన్నం, సాంబారు మరుగుతాయి కాబట్టి వాటి సంగతి వేరు. పచ్చడి, మజ్జిగ పొయ్యి ఎక్కేవి కావు. ఆ నీళ్ళు తాగడానికి పనికిరానివైతే అక్కడి పచ్చడీ తినడానికి పనికిరాదు. బాటిలు కొనుక్కున్నవారు కూడా ఆ పచ్చడే తింటున్నారు. అంచేత మంచినీళ్ళు పెట్టలేని హోటలు ఫలహారమూ పెట్టలేదన్నమాట.

చట్టం అనేదీ ఇదే. 2011లో వచ్చిన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం ఆహారం తయారుచేసే ప్రతి చోటా తాగడానికి పనికివచ్చే నీరే వాడాలి. నీళ్ళ తొట్లు ఎప్పటికప్పుడు కడిగించి, ఎప్పుడు కడిగించారో రాసి వుంచాలి. తాగేనీరు ఎలా వుండాలో చెప్పే భారత ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం 100 మిల్లీలీటర్ల నీటిలో ఇ-కోలై అనే సూక్ష్మక్రిమి ఒక్కటి కూడా కనిపించకూడదు. ఆ క్రిమి కనిపించిందంటే నీళ్ళలో ఎక్కడో మలం కలిసిందని గుర్తు.

ధర విషయంలో మాత్రం చట్టం హోటలువారి పక్షానే నిలిచింది. బాటిలు మీద అచ్చువేసిన ధరకన్న హోటళ్ళు ఎక్కువ పుచ్చుకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కుర్చీ, బల్ల, వడ్డన, చల్లదనం కూడా అందులో కలిసి వున్నాయి కాబట్టి అది ఒట్టి సరుకు అమ్మకం కాదని ఆ తీర్పు సారాంశం. సరే, బాటిలు కావలసినవారు కొనుక్కుంటారు. అక్కరలేనివారికి ఉచితంగా నీళ్ళు దొరకాలి గదా! 2023లో హైదరాబాద్ మహానగర పాలక సంస్థ తన పరిధిలోని హోటళ్ళన్నీ శుద్ధిచేసిన తాగునీరు ఉచితంగా ఇవ్వాలని ఆదేశించింది. ఫ్రాన్సులో 2022 నుంచి, మంచినీళ్ళు ఉచితమేనన్న సంగతి మెనూ కార్డు మీద కనపడేలా తెలియజేయాలి. ఇంగ్లండులో 2010 నుంచి మద్యం అమ్మే చోట కూడా అడిగినవారికి కుళాయి నీళ్ళు ఉచితంగా ఇవ్వాలి. బాటిళ్ళు కొనే స్తోమత వున్న దేశాలవారే ఇలా నియమం పెట్టుకున్నారు.

రోగం ఆలస్యంగా వస్తుంది

ఇక భయం సంగతి. కలుషితమైన నీళ్ళవల్ల వచ్చే జబ్బులు మన పాఠకులకు కొత్త కాదు. కలరా, అతిసార, టైఫాయిడ్, పచ్చకామెర్లు. వీటిలో ఒక తిరకాసు వుంది. కలరా లక్షణాలు కొన్ని గంటల నుంచి 5 రోజుల్లోగా బయటపడతాయి. టైఫాయిడ్ మామూలుగా 1 నుంచి 3 వారాలు తీసుకుంటుంది. పచ్చకామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ 15 నుంచి 50 రోజులు, హెపటైటిస్-ఇ అయితే 2 నుంచి 10 వారాలు ఒంట్లో దాగి వుండి అప్పుడు పైకి వస్తాయి.

ఒక కుటుంబం పెళ్ళి బట్టలకని విజయవాడ వెళ్ళి మధ్యాహ్నం హోటల్లో భోంచేసింది అనుకుందాం. నెలా పదిరోజుల తర్వాత పెళ్ళికూతురి అన్నయ్యకు కళ్ళు పచ్చబడ్డాయి. ఇంట్లో అందరూ నిందించేది నిన్న సాయంత్రం తిన్న మిరపకాయ బజ్జీని. ఆ హోటలు ఎవరికీ గుర్తు రాదు. హోటలు యజమానికీ తెలియదు. "నలభై ఏళ్ళ నుంచి నడుపుతున్నాం, ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు" అని ఆయన అనడం అబద్ధం కాకపోవచ్చు. ఫిర్యాదు చేసే అవకాశం ఆ జబ్బు ఇవ్వదు. అందుకే ఈ విషయాన్ని తాగేవారి జాగ్రత్తకు మాత్రమే వదిలేస్తే చాలదు. నీళ్ళు ఇచ్చేవారే ముందుగా పరీక్ష చేయించాలి.

తేటగా వుంటే మంచి నీళ్ళేనన్న నమ్మకం కూడా పనికిరాదు. 1955 నవంబరులో ఢిల్లీ నగరానికి వచ్చే యమున నీటిలో మురుగు కలిసింది. శుద్ధిచేసే కేంద్రంలో క్లోరిన్ మోతాదు పెంచారు. టైఫాయిడ్ వంటివి ప్రబలలేదు గాని వైరస్ తప్పించుకుంది. సుమారు 29 వేలమందికి కామెర్లు వచ్చాయి. అది హెపటైటిస్-ఇ అని తేలింది ఎన్నో ఏళ్ళ తర్వాత. మనవైపు చూస్తే 2009లో హైదరాబాదు భోలక్‌పూర్‌లోనూ, 2018లో గుంటూరులోనూ కలుషితమైన నీళ్ళు తాగి జనం చనిపోయారు. నీళ్ళు రోజంతా రాకుండా కాసేపు వచ్చి ఆగిపోయే గొట్టాల్లో ఈ ప్రమాదం ఎక్కువ. గొట్టం ఖాళీ అయినప్పుడు ఎక్కడ చిన్న చిల్లు వున్నా చుట్టుపక్కల మురుగును లోపలికి లాక్కుంటుంది.

కాని హోటలులో అసలు ప్రమాదం తరచు కుళాయి దాటిన తర్వాతే మొదలవుతుంది. నీళ్ళు రోడ్డుమీది గొట్టం నుంచి నేలలోని సంపుకు, సంపునుంచి మేడమీది తొట్టికి, అక్కణ్ణుంచి డ్రమ్ముకు, డ్రమ్ములోంచి జగ్గుకు, జగ్గులోంచి గ్లాసుకు వస్తాయి. ఆ సంపు మూత సరిగా వుందా? పక్కనే మురుగు కాలువ వుందా? డ్రమ్ములో చెయ్యి ముంచి జగ్గు నింపుతున్నారా? చివరి మజిలీ మనందరికీ తెలిసినదే. సర్వరు నాలుగు గ్లాసుల్లో నాలుగు వేళ్ళు పెట్టి, ఒక్క చేత్తో ఎత్తుకొచ్చి బల్లమీద టకటకా పెడతాడు. చూడటానికి నేర్పుగానే వుంటుంది. అంతకుముందు ఆ వేళ్ళు బల్ల తుడిచిన గుడ్డను పట్టుకున్నాయి. శుద్ధి యంత్రానికి వేలు ఖర్చు పెట్టిన హోటలులో కూడా ఆ నాలుగు వేళ్ళతో శుద్ధి అంతా వృథా.

టైఫాయిడ్ వచ్చి తగ్గినవారిలో కొందరి పిత్తాశయంలో ఆ క్రిములు ఏళ్ళ తరబడి వుండిపోతాయి. మనిషి ఆరోగ్యంగానే కనిపిస్తాడు. న్యూయార్కులో మేరీ మాలన్ అనే వంటమనిషి ఇలాంటి వ్యక్తేనని 1907లో బయటపడింది. మన నిబంధనల్లో కూడా హోటల్లో ఆహారం ముట్టుకునే ప్రతి ఒక్కరికీ ఏడాదికొకసారి వైద్య పరీక్ష జరగాలని వుంది. ఆ పరీక్ష సర్వరుకూ, గ్లాసులు కడిగే కుర్రాడికీ కూడా జరగాలి.

టిన్ను నీళ్ళ సంగతి

ఇప్పుడు చాలా హోటళ్ళు 20 లీటర్ల టిన్నులు తెప్పిస్తున్నాయి. వాటిని మనం 'మినరల్ వాటర్' అంటున్నాం. నిజమైన మినరల్ వాటర్ సహజమైన ఊటనుంచి పట్టినది. టిన్నుల్లో వచ్చేవి చాలావరకు ఆర్.ఓ. యంత్రంలో వడకట్టిన బోరునీళ్ళు. అవి చెడ్డవని కాదు. ఒక్క విషయం మరవకూడదు. మునిసిపాలిటీ నీళ్ళలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి వుండాలన్నది నియమం. దారిలో ఏ క్రిమి కలిసినా దాన్ని చంపడానికి అది కాపలా. ఆర్.ఓ. యంత్రం ఆ క్లోరిన్‌నూ తీసేస్తుంది. అంచేత మూతలేని డ్రమ్ములో రెండు రోజులు నిలవ వున్న ఆర్.ఓ. నీళ్ళకన్న క్లోరిన్ వాసన వేసే తాజా కుళాయి నీళ్ళే నయం కావచ్చు. చాలామందికి ఆ వాసన గిట్టదు. నా మట్టుకు నాకు ఆ వాసన వస్తే ధైర్యంగా వుంటుంది.

నల్లగొండ, ప్రకాశం జిల్లాల పాఠకులు ఫ్లోరైడు గురించి అడుగుతారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే దంతాలకూ, ఎముకలకూ హాని. అయితే ఆ హాని ఏళ్ళ తరబడి తాగితే వచ్చేది. దారిన పోతూ హోటల్లో ఒక గ్లాసు తాగినందువల్ల ఏమీ కాదు. నీళ్ళు కాచితే ఫ్లోరైడు పోదని మాత్రం గుర్తుంచుకోవాలి. కాచడం క్రిములకు విరుగుడు. నీళ్ళు కళపెళ ఒక నిమిషం మరిగితే చాలు. కేరళలో చాలా హోటళ్ళు జీలకర్రో, పతిముగం చెక్కో వేసి కాచిన గోరువెచ్చని నీళ్ళే ఊరికే ఇస్తాయి. మన హోటళ్ళు కూడా అనుసరించదగిన పద్ధతి. కాకపోతే కాచిన నీళ్ళలో చల్లారడానికని పచ్చి నీళ్ళు కలిపితే మళ్ళీ మొదటికే వస్తుంది. ఐసు ముక్కలూ అంతే. గడ్డకట్టినంత మాత్రాన క్రిములు చావవు.

బల్లమీద నీళ్ళు లేకపోతే

నీళ్ళు ఊరికే దొరకని చోట జనం ఏం చేస్తారు? కొందరు బాటిలు కొంటారు. ఇంకొందరు "నీళ్ళకెలాగూ డబ్బులే గదా" అని పిల్లలకు కూల్‌డ్రింకు ఇప్పిస్తారు. 300 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 30 గ్రాముల పంచదార, అంటే ఆరేడు చెంచాలు వుంటుంది. ఒక మనిషికి రోజు మొత్తానికి 25 గ్రాములలోపు వుంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మూడో రకం వాళ్ళు ఇంటికెళ్ళి తాగుదాంలే అని ఊరుకుంటారు. ముఖ్యంగా ఆడవాళ్ళు. బయట మరుగుదొడ్డి దొరకదన్న జంకు కూడా దీనికి తోడవుతుంది. రెంటచింతల, రామగుండం వంటి ఎండల్లో తిరిగినవారు ఇలా దాహం అణచుకుంటే వడదెబ్బకు దగ్గరవుతారు. మూత్రం చిక్కబడి మూత్రపిండాల్లో రాళ్ళు ఏర్పడటానికీ, మూత్రంలో మంటకూ ఇదే దారి.

హోటలువారి కష్టం కూడా ఆలోచించాలి. వేసవిలో వాళ్ళు ట్యాంకర్లు కొంటారు. మనం సగం తాగి వదిలేసిన గ్లాసులు కాలువపాలవుతాయి. అయినా లెక్క వేసి చూడండి. 20 లీటర్ల టిన్ను 40 రూపాయలు అనుకున్నా అందులో పావులీటరు గ్లాసులు 80 వస్తాయి. గ్లాసు అర్ధరూపాయి. వంద రూపాయల భోజనంలో ఆ అర్ధరూపాయి కలుపుకోలేని హోటలు వుంటుందా? వృథా మాటకొస్తే, బల్లకొక మూతవున్న జగ్గు పెట్టి, ఎవరికి కావలసినంత వారినే పోసుకోమంటే సరిపోతుంది. ఆ నాలుగు వేళ్ళ బెడదా తప్పుతుంది.

మీరు చేయగలిగింది కొంత వుంది. "మామూలు నీళ్ళే ఇవ్వండి, ఫిల్టరు నీళ్ళేనా?" అని గట్టిగానే అడగండి. అందులో నామోషీ లేదు. నీళ్ళు ఎక్కడినుంచి పడుతున్నారో ఒకసారి చూడండి. గ్లాసులన్నీ ఒకే తొట్టి నీళ్ళలో ముంచి తీస్తున్నారా, ధారగా పడే కుళాయి కింద కడుగుతున్నారా గమనించండి. వేళ్ళు ముంచిన గ్లాసును మర్యాదగా తిప్పి పంపండి. అనుమానం వుంటే అక్కడ పచ్చడి, మజ్జిగ, ఐసు మానండి. బాటిలు కొంటే మూతకు సీలు వుందో లేదో, ఆహార భద్రతా లైసెన్సు 14 అంకెల సంఖ్య వుందో లేదో చూసి మీ ఎదుటే తీయించండి. పిల్లలతో ప్రయాణమైతే ఇంటినుంచి కాచి చల్లార్చిన నీళ్ళు తీసుకెళ్ళడం మానకండి. నీళ్ళు ఇవ్వనన్నా, మురికి నీళ్ళు ఇచ్చినా 1915 నంబరుకు ఫోను చేసి వినియోగదారుల సహాయ కేంద్రంలో ఫిర్యాదు చేయవచ్చు.

ఒకవేళ విరేచనాలు పట్టుకుంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపి మాటిమాటికీ తాగించండి. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలిచినది. ఉప్పు పొరబాటున కూడా ఎక్కువ కాకూడదు. మందులషాపులో ఓ.ఆర్.ఎస్. పొట్లం దొరికితే అదే మేలు. పసిపిల్లల కళ్ళు లోతుకుపోయినా, మూత్రం తగ్గినా, విరేచనంలో నెత్తురు కనిపించినా ఇంట్లో కూర్చోకూడదు. గర్భిణికి, అందులోనూ ఆఖరి మూడు నెలల్లో, కళ్ళు పచ్చబడితే పసరు మందులంటూ తిరగకుండా అదేరోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. హెపటైటిస్-ఇ వాళ్ళలో ప్రాణాంతకం కావచ్చు.