మారువేషమునకు వెల

ఎయిడ్స్ వ్యాధిని వైద్యులు మొదట 1981లో అమెరికాలో గుర్తించిరి. దానికి కారణమైన హెచ్.ఐ.వి. అను వైరస్ 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో బయటపడినది. చికిత్స లేనిచో అది ఏండ్ల తరబడి రక్తములోని సహాయక తెల్లకణములను హరించి, మనుష్యుని చిన్న రోగములకు సైతము లొంగదీయును. అయితే ఇది సోకినవారిలో నూటికి ఒక్కరికంటె తక్కువమంది, మందులు పుచ్చుకొనకయే దీనిని అదుపులో నుంచుకొనగలరు. వారి రక్తములోని వైరస్, దాని పరిమాణమును కొలుచు సాధారణ పరీక్షలకు అందదు.

ఇది ఎట్లు సాధ్యమని శ్రోతలు అడుగవచ్చును. వైరస్ ప్రవేశించిన కణములో తయారగు మాంసకృత్తుల తునకలు కొన్ని ఆ కణము పైభాగమునకు చేరును. వాటిని పట్టి చూపునవి హెచ్.ఎల్.ఎ. అను అణువులు. గుమ్మము ముందు కొత్త చెప్పులు చూచి లోపల ఎవరో ఉన్నారని గ్రహించినట్లు, సంహారక టి కణము ఆ తునకను చూచి శత్రువును పసిగట్టి, ఆ కణమునే చంపివేయును. ఈ హెచ్.ఎల్.ఎ. అణువులు తల్లిదండ్రులనుండి సంక్రమించునవి. అందరికి ఒక్క తీరుగా నుండవు. 2000లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో, రోగము ముదరని 13 మందిలో 11 మందికి బి-57 అను రకము ఉన్నట్లు తేలినది. రోగము ముదురుచున్న 200 మందిలో 19 మందికే అది యుండెను.

వైరస్ ఊరకుండునా? తన ప్రతులు తీసికొనుటలో అది తరచు తప్పులు చేయును. అట్టి తప్పు ఒకటి ఆ తునకలో ఒక్క అమైనో ఆమ్లమును మార్చినను టి కణము దానిని పోల్చుకొనలేకపోవచ్చును. కాని బి-57 చూపు ముఖ్యమైన తునకలు వైరస్ లోపలి కవచమునకు చెందినవి. అక్కడ మార్పు పొందిన వైరస్ తప్పించుకొనునేగాని, దాని వృద్ధి మందగించును. అది బి-57 లేని మరియొకరికి సోకినచో, కాలక్రమమున ఆ వేషము విడిచి పూర్వరూపమునకు వచ్చుట కనిపెట్టిరి. ఈ శాస్త్రములో నాకు మిక్కిలి నచ్చిన సాక్ష్యమిది: వేషము బరువని వైరసే ఒప్పుకొన్నట్లయినది.

బి-27 అను మరియొక రకము కథ ఇంత ఊరట నిచ్చునది కాదు. అది గల ఆరుగురిని గూర్చి 1997లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు వ్రాసిరి. వారిలో ఇద్దరియందు 9 మొదలు 12 సంవత్సరముల వరకు చెక్కుచెదరని తునక తుదకు మారినది. ఇక్కడ ఒక్క మార్పు చాలదు. అది వైరస్‌ను కుంటిపరచును గనుక, ఆ లోటును పూడ్చుటకు కవచములో వేరొకచోట ఇంకొక మార్పు కూడ కావలెను. అంత ఆలస్యమునకు ఇదియొక కారణము. సోకిన ప్రతివారికి మందు లీయవలెనని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. అదుపు గలవారిని అందు మినహాయింపలేదు. ఆక్స్‌ఫర్డ్ వారు చూచిన ఆ ఇద్దరిలోను, మార్పు స్థిరపడిన పిమ్మట రోగము ఎయిడ్స్ దశకు చేరినది.