కథ నుంచి లఘుచిత్రానికి: ‘దిద్దుబాటు’ ఆధారంగా దర్శకత్వ అభ్యాసం

ఉపోద్ఘాతం

లఘుచిత్ర దర్శకత్వం నేర్చుకోదలచిన విద్యార్థులు సాధారణంగా కెమెరాతో మొదలుపెడతారు. చేతిలోని ఫోనే నేడు కెమెరా కావడం వల్ల పరికరాలకు కొరత లేదు. అయినా ఇలా తయారయ్యే చిత్రాల్లో చాలా వాటిలో పాత్ర తన బాధను తానే సంభాషణలో చెప్పుకొంటుంది, వెనుక వయొలిన్ వినిపిస్తుంది, చిత్రం ముగుస్తుంది. ఈ లోపం సాంకేతికమైనది కాదు. ఏ విషయం ప్రేక్షకుడికి ఎప్పుడు, ఎవరి ద్వారా తెలియాలనే నిర్ణయాన్ని ఎవరూ తీసుకోకపోవడమే అసలు లోపం. దర్శకత్వంలో మొదట అభ్యసించవలసింది ఈ నిర్ణయాన్నే. అందుకు తెలుగు కథానిక ఎలా పనికివస్తుందో గురజాడ అప్పారావు ‘దిద్దుబాటు’ ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1910లో ‘ఆంధ్రభారతి’లో వెలువడిన ఈ కథ అందరికీ పరిచితమే. (తొలి తెలుగు కథ ఏది అన్న చర్చ, ముఖ్యంగా భండారు అచ్చమాంబ కథలు వెలుగులోకి వచ్చిన తరువాతది, ఇక్కడ అప్రస్తుతం.) అర్ధరాత్రి దాటాక గోపాలరావు ఇల్లు చేరతాడు. పడకగదిలో భార్య కమలిని కనిపించదు, ఉత్తరం కనిపిస్తుంది. నౌకరు రాముడితో మాటలు సాగుతాయి. చివర మంచం కింద నుంచి నవ్వు, గాజుల చప్పుడు వినిపిస్తాయి. ఒకే ఇల్లు, ఒకే రాత్రి, కనిపించే పాత్రలు రెండు, కనిపించనిది ఒకటి. పది నిమిషాల చిత్రానికి ఇంతకంటే అనువైన వస్తువు దొరకడం కష్టం.

స్వగతాన్ని చర్యగా మార్చడం

తలుపు దగ్గర గోపాలరావు మనసులో అనుకొనే మాటలే కథకు ఆయువుపట్టు. సంస్కరణాభిమాని అయిన మనిషి సానిపాట వింటూ ఇల్లు మరిచాడు. ఇకమీదట జాగ్రత్తగా ఉండాలని అనుకొంటున్నాడు. అచ్చులో దీనికి కొద్ది వాక్యాలు చాలు. తెర మీద ఈ వాక్యాలనే నేపథ్య స్వరంగా వినిపించడం సులభమార్గం. అది తప్పని అనలేము గాని, అభ్యాసదశలో దానిని నిషేధించడం మేలు. పాట కూనిరాగం తీస్తూ వస్తున్న మనిషి ఇంటి గుమ్మం చూడగానే రాగం ఆపుతాడు. చెప్పులు విడిచి చేత పట్టుకొంటాడు. తలుపు తట్టబోయిన చెయ్యి మధ్యలో ఆగుతుంది. ఈ మూడు పనుల్లో తప్పు, తప్పు తెలిసిన సిగ్గు, దాన్ని దాచుకోవాలన్న తాపత్రయం మూడూ ఉన్నాయి.

తెలుగు శాఖల విద్యార్థులకు ఇది కొత్త పాఠం కాదు. భావాన్ని పేరుపెట్టి చెప్పడం కాదు, విభావానుభావాల ద్వారా అందజేయాలన్నది వారు అలంకారశాస్త్రంలో చదివిందే. రష్యన్ దర్శకుడు లెవ్ కులెషోవ్ ఒక నటుడి ముఖాన్ని ఒకసారి ఆహారం దృశ్యంతో, మరోసారి మృతదేహం దృశ్యంతో కలిపి, ఒకే ముఖంలో ప్రేక్షకులకు వేర్వేరు భావాలు తోస్తాయని వివరించాడు. విభావం మారితే అదే ముఖం మరో భావాన్ని పలుకుతుందన్నమాట.

నటుడికి చెప్పే మాటలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. “పశ్చాత్తాపం చూపించండి” అంటే నటుడు ముఖకవళికలు వెతుక్కొంటాడు. “ఈ ఉత్తరంలో ఏముందో రాముడికి తెలియకుండా చదవండి” అంటే అతనికి ఒక పని దొరుకుతుంది, పశ్చాత్తాపం దానంతట అదే వస్తుంది. రాముడి విషయంలో మరింత చిక్కు ఉంది. యజమానురాలు ఎక్కడుందో అతనికి ముందే తెలుసా? కథలో దీనిని సూటిగా చెప్పలేదు. పాఠకుడు ఈ ప్రశ్న వేసుకోకుండానే కథ ముగించవచ్చు. దర్శకుడికి ఆ వెసులుబాటు లేదు. తెలిసిన మనిషి నిలబడే తీరు వేరు, తెలియని మనిషి నిలబడే తీరు వేరు. నటుడు అడిగేలోపే దర్శకుడు జవాబు నిశ్చయించుకోవాలి.

మంచం కింద ఏముంది?

బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి తెలియకపోతే పేలినప్పుడు క్షణకాలపు ఆశ్చర్యం, ముందే తెలిస్తే నిమిషాల తరబడి ఉత్కంఠ కలుగుతాయని 1962లో ఫ్రాన్స్వా ట్రూఫోతో జరిపిన సంభాషణల్లో ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ వివరించాడు. గురజాడ మంచం కింద ఉన్నది బాంబు కాకపోయినా సమస్య అదే. కమలిని చీర కొంగును ప్రేక్షకుడికి ముందే చూపిస్తే గోపాలరావు మాట్లాడే ప్రతి మాటా హాస్యం అవుతుంది, ప్రేక్షకుడు కమలిని పక్షం చేరతాడు. చివరి దాకా దాస్తే ప్రేక్షకుడు గోపాలరావుతో పాటే కంగారుపడి, అతనితో పాటే దిద్దుబాటుకు లోనవుతాడు. గురజాడ ఎంచుకొన్నది రెండవది. అయితే దాచడానికీ నియమం ఉంది: మంచం కింది భాగం ఖాళీగా కనిపించే షాట్ ఒక్కటి ఉన్నా అది మోసం అవుతుంది.

అందుచేత షాట్ల జాబితాకు ముందే గది పటం గీయాలి. తలుపు, మంచం, ఉత్తరం ఉన్న బల్ల, రాముడు నిలబడే చోటు అందులో గుర్తించాలి. గోపాలరావుకు, రాముడికి మధ్య ఒక ఊహారేఖ గీసి కెమెరాను దానికి ఒకే వైపు ఉంచితే వారి చూపులు ఒకరికొకరు ఎదురుగా ఉన్నట్టు కుదురుతాయి. కారణం లేకుండా రేఖ దాటితే ఇద్దరూ ఒకే దిక్కు చూస్తున్నట్టు తోస్తుంది. ఒక వైపు నుంచి తీయవలసిన షాట్లన్నీ ముగించాకే దీపాలు మార్చి రెండో వైపుకు వెళ్లడం వాడుక. కనుక ఉత్తరం చదవక ముందరి ముఖాన్ని చదివిన తరువాతి ముఖం కంటే ఆలస్యంగా తీయవలసి రావచ్చు. ఉత్తరం మడత, దీపం స్థానం రాసిపెట్టుకోని బృందానికి కూర్పు బల్ల దగ్గర కష్టాలు తప్పవు.

ఉత్తరం ఎవరి గొంతు?

అన్నిటికంటే కీలకమైన నిర్ణయం ఇదే. కథలో గోపాలరావు చదువుతూ ఆగుతాడు. ‘ప్రియా’ పోయి ‘అయ్యా’ అన్న సంబోధన రావడం అతనికి గుచ్చుకొంటుంది. ఆ ఉత్తరాన్ని కమలిని స్వరంలో వినిపిస్తే చదువుకొన్న స్త్రీ నిలదీత సూటిగా తగులుతుంది, కాని చివరి నవ్వుకు ముందే ఆమె గొంతు ప్రేక్షకుడికి పరిచయమైపోతుంది. గోపాలరావే తడబడుతూ చదివితే నవ్వు ఆమె తొలి ధ్వనిగా మిగులుతుంది. దీని మీద అభ్యంతరం ఉండవచ్చు: స్త్రీ మాటలను పురుషుడి నోట పలికించి ఆమెకు నవ్వు మాత్రమే మిగల్చడం న్యాయమా? అభ్యంతరం బలమైనదే. అయినా తన మీద మోపిన నేరాన్ని తన నోటితోనే, నౌకరు ఎదుట చదవవలసి రావడంలోని శిక్ష మరే పద్ధతిలోనూ రాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. తరగతిలో రెండు విధాలుగానూ తీసి పక్కపక్కన చూడడం ఉత్తమం.

మూలాన్ని మార్చే స్వేచ్ఛకు సత్యజిత్ రాయ్ ‘తీన్ కన్యా’ (1961)లోని ‘పోస్ట్‌మాస్టర్’ మంచి ఉదాహరణ. రవీంద్రనాథ్ ఠాగూర్ కథ పడవ ప్రయాణంతో, ఎడబాటును గురించిన రచయిత చింతనతో ముగుస్తుంది. రాయ్ ఆ చింతనను పూర్తిగా వదిలేశాడు. నీళ్ల బకెట్ మోసుకొంటూ రతన్ అతని పక్కనుంచి వెళ్లిపోతుంది. ఇవ్వబోయిన డబ్బు అతని చేతిలోనే ఉండిపోతుంది. కథలోని తాత్పర్యం పోలేదు, ఒక బకెట్‌లోకి చేరింది.

‘దిద్దుబాటు’ చివరి షాట్‌లో నవ్వు వినిపించినప్పుడు తెర మీద ఎవరుండాలి? కెమెరా మంచం కిందికి వంగితే కమలిని దొరికిపోయిన మనిషిలా కనిపిస్తుంది. గురజాడ ఆమెను చూపలేదు, వినిపించాడు. గోపాలరావు ముఖం మీదే నిలిచి, అతను కిందికి వంగకముందే ఆపడం కథకు దగ్గరగా ఉంటుంది. అప్పుడు భారమంతా శబ్దం మీద పడుతుంది. కనుక ఆ నవ్వును, గాజుల సవ్వడిని ఇతర ధ్వనుల భాండాగారం నుంచి తెచ్చుకోక, నటిని అదే మంచం కింద కూర్చోబెట్టి విడిగా రికార్డు చేయాలి. ఎవరూ మాట్లాడని అర నిమిషం పాటు ఆ గది నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేసి ఉంచుకోవాలి. నవ్వుకు ముందు పరచవలసింది దానినే.