పొగ కూడా వంటచెరకే

నెక్కొండ నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "పొయ్యిల పత్తికట్టె పెడితే ఇల్లంత పొగ. ఊదుగొట్టంతోని ఊదంగనే భగ్గుమని మంట లేస్తది, పొగ మాయమైతది. ఆ పొగ యాడికి పోతది?" ఈ నెలకు వేరే విషయం అనుకున్నాను. ఈ ప్రశ్న చదివాక దాన్ని పక్కన పెట్టేశాను.

పొగ ఎక్కడికీ పోదమ్మా. అదే మండుతుంది.

నిజానికి కట్టె నేరుగా మండదు. వేడి తగిలితే ముందు తడి ఆరుతుంది. సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దాటాక కట్టెలోని పదార్థం విరిగి వాయువులుగా, తారు ఆవిరిగా బయటికొస్తుంది. ఎండు కట్టె బరువులో దాదాపు ముప్పావు వంతు ఇలా వాయువైపోతుంది. మిగిలేది బొగ్గు, బూడిద. ఆ వాయువుకు వేడి, గాలి రెండూ సరిపడా అందితే మంట. ఏ ఒక్కటి తగ్గినా అది చల్లారి పొగై కళ్ళలో పడుతుంది. చేను నుంచి మోపుకట్టి మోసుకొచ్చిన వంటచెరకు వంటకు అక్కరకు రాకుండానే పోయిందన్నమాట.

పొగ మండుతుందనడానికి రుజువు కావాలంటే కొవ్వొత్తి ఆర్పి, పైకి లేచే తెల్లని పొగకు వెంటనే అగ్గిపుల్ల చూపండి. ఒత్తిని ముట్టకుండానే మంట పొగ వెంట కిందికి దూకుతుంది. శాస్త్రవేత్త మైకేల్ ఫారడే లండన్‌లో పిల్లలకు ఇది చేసి చూపించాడు.

మండటాన్ని తప్పుగా అర్థం చేసుకున్న పెద్దలు చాలామంది. మండే వస్తువులో ఫ్లాజిస్టన్ అనే పదార్థం ఉంటుందనీ, మండినప్పుడు అది బయటికి పోతుందనీ జర్మనీలో స్టాల్ అనే శాస్త్రవేత్త చెప్పాడు. మండటమంటే గాలిలోని ఆక్సిజన్‌తో కలవడమని రసాయన శాస్త్రవేత్త లవోయిజర్ తేల్చేదాకా ఆ మాటే చెల్లింది. మన దగ్గరి పొరపాటు ఇంకో రకం. హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి. రాజు పొగగొట్టం ఉన్న మట్టిపొయ్యి రూపొందించి, 1953లో దానిపై పుస్తకం కూడా రాశారు. అది గొప్ప ప్రయత్నం. 1980లలో మొదలై 2002 దాకా సాగిన మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమమూ చాలావరకు గొట్టాన్నే నమ్ముకుంది. గొట్టం పొగను ఇల్లు దాటిస్తుంది గానీ కాల్చదు. మసి పూడుకుంటే అదీ లేదు. ఒడిశాలో హన్నా, డుఫ్లో, గ్రీన్‌స్టోన్ అనే ఆర్థికవేత్తలు ఇలాంటి పొయ్యిలను కొన్నేళ్ళు గమనించారు. మొదటి ఏడాది ఇంటివాళ్ళు పీల్చే పొగ తగ్గింది, తరవాత ఆ మేలు నిలవలేదు.

మరి పొగను పొయ్యిలోనే కాల్చేదెలా? నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే. డబ్బాలాంటి పొయ్యిని కట్టె ముక్కలతో నింపి, కింద కాదు, పైన అంటించాలి. నిప్పు పైనుంచి కిందికి మెల్లగా దిగుతుంది. అడుగు చిల్లుల నుంచి కొంచెం గాలే వస్తుంది, కట్టెను వాయువుగా మార్చడానికి మాత్రం చాలేంత. ఆ వాయువు పైనున్న ఎర్రని బొగ్గుల మధ్యగా లేస్తుంది. దాంతో తారు చాలావరకు అక్కడే విరిగిపోతుంది. డబ్బాకు బయట ఇంకో గోడ ఉంటుంది. రెండు గోడల సందులో వేడెక్కిన గాలి పై చిల్లుల్లోంచి దూసుకొచ్చి ఆ వాయువుతో కలుస్తుంది. అక్కడ మంట! ఊదుగొట్టం అప్పుడప్పుడు చేసే పనిని ఈ చిల్లులు ఆగకుండా చేస్తాయి. అయితే గాలి ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోకండి. చన్నీళ్ళు పోసినట్టే, మితిమీరిన గాలి మంటను చల్లారుస్తుంది.

అమెరికాలో థామస్ రీడ్, నార్వేకు చెందిన వెండెల్బో ఎవరికి వారే ఈ కిటుకు పట్టుకున్నారు. మన దగ్గర 'జియో' అనే స్వచ్ఛంద సంస్థ తరఫున డాక్టర్ ఎన్. సాయి భాస్కర్ రెడ్డి 'మాఘ్' పేరుతో ఇలాంటి పొయ్యిలు తయారుచేశారు.

ఇన్ని చెప్పి ఒక ఫిర్యాదు దాచలేను. పత్తికట్టెను, మిరపకట్టెను చిన్న ముక్కలుగా నరకాలి. వంట మధ్యలో కొత్త కట్టె వేయడం కష్టం. ఆ నరికే పని ఆడవాళ్ళ మీదే పడుతుంది. పొయ్యి నమూనా గీసేవాళ్ళు ముందు వంటచేసే మనిషిని అడగాలి. 1999లో దీపం, 2016లో ఉజ్వల పథకాలు వచ్చి చాలా ఇళ్ళకు గ్యాస్ చేరింది. అయినా స్నానాల నీళ్ళకు కట్టెలపొయ్యి వెలుగుతూనే ఉంది. కనీసం అక్కడైనా ఈ పొయ్యి పెట్టి చూడండి. మంట ఆగాక మిగిలిన బొగ్గును నీళ్ళతో ఆర్పి పెంటకుప్పలో కలపండి. తలుపులు మూసిన గదిలో మాత్రం ఆ బొగ్గును రగలనివ్వకండి. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, ప్రాణం తీస్తుంది.