ఇరువది అంకెల పద్యము

చదరంగపు బల్లపై మొదటి గడిలో ఒక వడ్లగింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు. ఇట్లు అరువదినాలుగు గడులును నింపుటకు కావలసినవి 18446744073709551615 గింజలు. వేయి గింజలు 20 గ్రాములు తూగునన్నచో ఇవి సుమారు 36,900 కోట్ల టన్నులు. మా తుంగతుర్తి పొలముల మాట అటుండ, నేటి ప్రపంచమంతయు నాలుగువందల యేండ్లు పండించినను చాలవు.

మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెనిగించిన పావులూరి మల్లన యీ సంఖ్యను ఒక చంపకమాలలో ఇమిడ్చినాడు. అంకెలకు మారుగా వస్తువుల పేర్లు నిలిపి, ఒకట్ల స్థానమునుండి ఎడమకు నడచినాడు. ఏడు మూడుమార్లు వచ్చినది. కులపర్వతములు ఏడు గనుక నగ, భూధర, గిరి శబ్దములను వాడినాడు. సున్నలు రెంటికి వియత్తు, గగనము. దీనిని వట్టి వినోదమని దాటిపోవుట న్యాయము కాదు. అంకెలలో వ్రాసినచో లేఖకుడు ఒక సున్న జారవిడిచినను ఎవరికి తెలియును? పద్యమున గణము తప్పి పట్టుపడును.

ఈ సంఖ్య 3, 5, 17, 257, 641, 65537, 6700417 అను ఏడు ప్రధానసంఖ్యల లబ్ధము. వీనిలో 641కి ఒక కథ కలదు. 4294967297 ప్రధానసంఖ్యయే యని ఫ్రాన్సు దేశపు ఫెర్మా నమ్మెను. 641 దానిని భాగించునని 1732లో ఆయిలర్ చూపెను. అదియు మన గింజల సంఖ్యకు కారణాంకమే.

పద్యమున గిరికి బదులు శశి పడినదనుకొందము. ఏడు పోయి ఒకటి వచ్చును గాని ఛందస్సు చెడదు. అప్పుడు 641తో భాగించి చూడవలెను. ఏ యొక్క అంకె మారినను శేషము మిగులును.